బెల్టు పట్టిన చెయ్యి

రాయిస్ టాకెట్‌కి కోపం ముక్కు మీద ఉంటుందంటే తక్కువ చెప్పినట్టు. ఆట మొదలైతే ఆయన నిలువెల్లా కోపమే. అరవై దాటిన వయసు, బస్తా లాంటి పొట్ట, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లు. అయినా సరే, రెఫరీ ఒక్క పిచ్చి నిర్ణయం ఇచ్చాడంటే మైదానం అంచున ఉన్న తెల్ల గీత దాటి లోపలికి ఉరికేస్తాడు. కోచ్ గీత దాటితే రెఫరీ పసుపు గుడ్డ విసురుతాడు, శిక్షగా జట్టు పదిహేను గజాల నేల పోగొట్టుకుంటుంది. అందుకని ఆయన వెనకాల ఎప్పుడూ ఒక మనిషి నిలబడాలి. నిలబడి ఆయన నడుం బెల్టు పట్టుకోవాలి. ఆయన ఉరికితే వెనక్కి లాగాలి.

టాకెట్ హెడ్ కోచ్‌గా ఉన్న కాల్డర్ స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆ మనిషి ఎమెట్ కోల్వెల్.

ఉద్యోగం పేరు చూస్తే అతను డిఫెన్స్ అసిస్టెంట్ కోచ్. వెనక వరుసలో కాపు కాసే కుర్రాళ్ళకి గురువు. ఊళ్ళో మాత్రం అందరికీ బెల్టు కోచ్. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే ఆవిడ కూడా "ఏం బెల్టు కోచ్, శనివారం గట్టిగా పట్టుకో, వదిలేవు" అని నవ్వేది. ఎమెట్ కూడా నవ్వేవాడు. నవ్వి బయటికొచ్చి, కారెక్కి, వెంటనే తాళం తిప్పకుండా కాసేపు ఊరికే కూర్చునేవాడు. నలభై ఒకటో ఏట మనిషిని నడుం పట్టుకునేవాడిగా గుర్తు పెట్టుకుంటే ఎవరికి బావుంటుంది?

ఈ వృత్తిలోకి అతను వచ్చింది అందరూ వచ్చే దారినే. కాలేజీలో ఆడుతూ ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడు. ఆట పోయినా ఆట పక్కనే బతకాలనుకున్నాడు. కోచ్‌ల ఆఫీసులో సోఫా మీద పడుకుని, అవతలి జట్ల వీడియోలు ముక్కలు ముక్కలు చేసి చూసి, ఆ జట్ల ఎత్తుగడలు అట్టముక్కల మీద బొమ్మలేసి, పెద్ద కోచ్‌ల కార్లకి పెట్రోలు పట్టించి, వాళ్ళ బట్టలు లాండ్రీ నుంచి తెచ్చిపెట్టాడు. ఆ సోఫాకి ఇంకో హక్కుదారు ఉండేవాడు, డెల్ వార్నాక్. ఇద్దరూ వంతులేసుకుని పడుకునేవాళ్ళు. వార్నాక్ నోరున్నవాడు గనక తొందరగా పైకి పోయాడు, ఇప్పుడు మిస్సోరీలో ఒక కాలేజీకి హెడ్ కోచ్. ఎమెట్ టాకెట్ కంట్లో పడ్డాడు. అక్కణ్ణించి ఆయన ఎక్కడుంటే తనూ అక్కడే. లూసియానా, అలబామా, టెనెసీ, ఇప్పుడు అర్కాన్సా. ఒకచోటికి పిలిస్తే వెళ్ళారు, మిగతా చోట్లకి వెళ్ళగొడితే వెళ్ళారు. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద ఉన్నవాళ్ళంతా పోయినట్టే. ఆ సాయంత్రానికే తాళాలు అప్పజెప్పి రమ్మంటారు.

ఎమెట్ భార్య జనెల్ పళ్ళ డాక్టర్ల దగ్గర పళ్ళు శుభ్రం చేసే పని చేస్తుంది. రాష్ట్రం మారినప్పుడల్లా ఆవిడ మళ్ళీ లైసెన్సు తెచ్చుకోవాలి. "నాలుగు రాష్ట్రాల్లోనూ పళ్ళు ఒకలాగే పుచ్చుతున్నాయి. కాయితాలే వేరు" అనేది.

ఇన్ని ఊళ్ళు తిరిగినా ఎమెట్ ఎక్కాల్సిన మెట్టు ఒకటి అలాగే మిగిలిపోయింది. డిఫెన్స్ కోఆర్డినేటర్. అవతలివాళ్ళు బంతి కదిపే ముందు మన పదకొండు మందీ ఏం చెయ్యాలో చెప్పేది అతనే. మీదపడి ఎగబడాలా, వెనక్కి తగ్గి కాపు కాయాలా, ఎడమకా కుడికా. ఆ చెప్పడాన్నే కాల్ ఇవ్వడం అంటారు. కుర్రతనమంతా సోఫాల మీద పడుకునేది ఆ ఒక్క మాట చెప్పే హక్కు కోసమే. కాల్డర్ స్టేట్‌లో టాకెట్ ఆ హక్కు ఎవరికీ ఇవ్వలేదు. హెడ్ కోచ్ తనే, కాల్ ఇచ్చేదీ తనే.

లోకం అలా అనుకునేది.

నిజం ఏమిటంటే, మూడేళ్ళ కిందట ఒక ఆటలో టాకెట్ కాల్ ఇవ్వడానికి తటపటాయించాడు. ఆయన కళ్ళు అప్పటికే మసకలేస్తున్నాయి. అవతలి జట్టు అటు చివర ఎలా నిలబడిందో ఆయనకి ఆనలేదు. వెనకాల ఉన్న ఎమెట్‌కి ఆనింది. వాళ్ళు బంతి దూరం విసరబోతున్నారు. కంగారులో ఏం చెయ్యాలో తోచక బెల్టుని రెండుసార్లు వెనక్కి గుంజాడు. టాకెట్ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తగ్గమని చేత్తో సైగ చేశాడు. కుర్రాళ్ళు తగ్గారు. విసిరిన బంతి తిన్నగా మనవాడి చేతుల్లో పడింది. ఊరంతా టాకెట్‌ని నెత్తిన పెట్టుకుంది.

తర్వాత వారం మళ్ళీ అలాగే జరిగింది. ఆ తర్వాత వారమూ. ఒకసారి గుంజితే ఎగబడమని, రెండుసార్లు గుంజితే వెనక్కి తగ్గమని, ఏ వైపు లాగితే ఆ వైపని, ఇద్దరి మధ్యా ఒక భాష పుట్టింది. దాని గురించి ఇద్దరూ నోరు తెరిచి ఒక్కసారీ అనుకోలేదు. ఆట అయ్యాక ఆఫీసులో వీడియో చూసేటప్పుడు టాకెట్ "ఇక్కడ నేను తగ్గమన్నా, చూశావా" అనేవాడు. "మంచి కాల్ కోచ్" అనేవాడు ఎమెట్.

ఈ ఏడు ఆఖరి ఆటకి ముందు బుధవారం డెల్ వార్నాక్ ఫోన్ చేశాడు.

"ఏరా, ఇంకా ఆ ముసలాయన నడుం పట్టుకునే వేలాడుతున్నావా?"

"హెడ్ కోచ్‌వి అయ్యావు, ఇంకా నోరు కడుక్కోలేదా నువ్వు?"

"కడుక్కునే మాట్లాడుతున్నా. రెండుసార్లు మర్యాదగా అడిగిస్తే రెండుసార్లూ రానన్నావు. మూడోసారి మర్యాద మానేసి నీకే చేశా."

"ఎక్కడికి రానన్నా?"

"నా దగ్గరికి. డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా. కిందటేడు ఒకసారి, ఈ అక్టోబరులో ఒకసారి. నీకు తెలీదా?"

ఇంకొకరి అసిస్టెంట్‌తో మాట్లాడాలంటే ముందు ఆ హెడ్ కోచ్‌కి ఫోన్ చేసి అనుమతి అడగాలి. అడక్కుండా మాట్లాడితే దొంగతనం చేసినంత అప్రతిష్ట. వార్నాక్ అడిగాడు. టాకెట్ రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాడు.

"నీకు ఇష్టమేనట, మీ ఆవిడే ఊరు మారనంటోందిట. పాపం ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని నేను ఊరుకున్నా" అన్నాడు వార్నాక్.



"సరే, ఒక్కటి చెప్పు. మా పైవాళ్ళు ముందు అడిగేది ఇదే. నువ్వెప్పుడైనా కాల్ ఇచ్చావా?"

ఇచ్చానంటే ఎలా ఇచ్చాడో చెప్పాలి. చెబితే ముసలాయన పరువు సాయంత్రానికల్లా పది కాలేజీల్లో గంగలో కలుస్తుంది. ఈ వృత్తిలో మాట అంత వేగంగా పరిగెడుతుంది. నమ్ముతారన్న హామీ కూడా లేదు.

"లేదు" అన్నాడు ఎమెట్.

"అదే చిక్కు. టాకెట్ ఒక్క మాట అంటే చాలు, నీ వల్ల అవుతుందని. ఆయన మాటకి ఇంకా విలువుంది. ఆదివారం లోపల అనిపించుకో. ఆ తర్వాత నా చేతిలో ఉండదురా."

ఆ సాయంత్రం ఈ సంగతి విని జనెల్ పొయ్యి మీద బీన్స్ కలుపుతున్న గరిటె అలాగే పైకెత్తింది.

"నేనా? మారనన్నానా? గోడకి నాలుగు రాష్ట్రాల లైసెన్సులు తగిలించుకున్నదాన్ని పట్టుకుని మారనందని చెప్పాడా ఆ పెద్దమనిషి? ఆయన పళ్ళు నా చేతికి దొరకనీ, చెబుతా."

"రేపు అడుగుతా ఆయన్ని."

"అడుగుతా అనడం నీకు బాగా వచ్చు. అడగడమే రాదు."

గురువారం ఎమెట్ అడగడానికే వెళ్ళాడు. దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాడు. టాకెట్ గది తలుపు తోసేసరికి ఆయన కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్ళలో మందు వేసుకుంటున్నాడు. చుక్క గురి తప్పి చెంప మీద పడింది.

"ఎవరది?" అన్నాడు టాకెట్, గుమ్మంకేసి చూస్తూనే.

పది అడుగుల్లో నిలబడ్డ తనని పోల్చుకోలేకపోయాడు. ఎమెట్‌కి పేర్చుకున్న మాటలన్నీ జారిపోయాయి. కుర్రాళ్ళ భోజనం ఎన్నింటికి పెట్టించాలని ఏదో అడిగి, మందు సీసా తనే తీసుకుని ఆయన కళ్ళలో వేసి, బయటికొచ్చాడు. కారిడార్ దాటేసరికి మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి సగం తన మీద.

శనివారం మార్లో టెక్ మీద ఆట. ఏడాదిలో ఏ ఆట పోయినా క్షమిస్తారు గానీ మార్లో టెక్ మీద పోతే ఊరు క్షమించదు. చల్లటి మధ్యాహ్నం, స్టేడియం కిక్కిరిసిపోయింది. డిఫెన్స్ నడిమధ్య నిలబడి మిగతా పదిమందినీ సర్దే కెప్టెన్ టెరెల్ మాబ్రీకి అది ఆఖరి ఆట. చదువు అయిపోవస్తోంది. ఇంకా పైకెళ్ళి ఆడేంత ఎత్తు అతను లేడు. జూన్ నుంచి మామయ్య టైర్ల దుకాణంలో పని ఖాయం చేసుకున్నాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఎమెట్‌కీ తెలుసు.

మూడు గంటలపాటు బెల్టు భాష ఎప్పటిలాగే నడిచింది. ఒకసారి గుంజితే టాకెట్ చెయ్యి ముందుకి, రెండుసార్లు గుంజితే చెయ్యి వెనక్కి. ఆట ఆఖరుకొచ్చేసరికి కాల్డర్ స్టేట్ నాలుగు పాయింట్లు ముందుంది. బంతి మాత్రం మార్లో టెక్ చేతిలో ఉంది, మన గీతకి తొమ్మిది గజాల దూరంలో. వాళ్ళకి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. ఆపితే మనం గెలిచినట్టు, లోపలికొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆట ఆపించి ఆలోచించుకునే అవకాశాలు ఇద్దరికీ అయిపోయాయి.

ఎమెట్ చూశాడు. అవతలి వరుసలో ఎడమ చివరి భారీ కుర్రాడు నేల మీద ఆనించిన వేళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ముందుకి తోసేవాడైతే బరువంతా వేళ్ళ మీద వేసి కణుపులు తెల్లబడేలా ఆనిస్తాడు. తేలిగ్గా ఆనించాడంటే, బంతి విసిరేవాడికి కాపుగా వెనక్కి లేవబోతున్నాడు. బంతి విసురుతారు, అదీ కుడి మూలకి; పట్టాల్సినవాడి చూపు అటే పోతోంది. అద్దంలో చూసినట్టు కనబడింది.

రెండుసార్లు గుంజి కుడికి లాగాలి. అంతే.

చెయ్యి కదల్లేదు.

అనుకుని చేసిన పని కాదు. అలాగని అతనికి తెలియకుండా జరిగిందీ కాదు. బెల్టు చుట్టూ పిడికిలి గట్టిగా బిగిసి ఉంది. బెల్టు పట్టుకోవడం తన పని, పట్టుకున్నాడు. మిగతాది నీ పని కదా కోచ్, ఇవ్వు కాల్, అనుకున్నాడు. జనెల్ పేరు చెప్పి నన్ను ఆపావు కదా. నేనే లేనట్టు మూడేళ్ళు నన్ను వాడుకున్నావు కదా. ఒక్కసారి నోరు తెరిచి అడుగు.

టాకెట్ వీపు బిగుసుకుంది. ఎదురుచూస్తున్నాడు. చెయ్యి సగం లేపి అలాగే ఉంచాడు. మైదానం మధ్యలో టెరెల్ మాబ్రీ రెండు చేతులూ చాపి ఇటే చూస్తున్నాడు, ఏం చెయ్యమంటారని.

టాకెట్ తల తిప్పాడు. ఇన్నేళ్ళలో ఆట మధ్యలో ఆయన వెనక్కి తిరగడం అదే మొదటిసారి.

"ఎమెట్, ఏం చేద్దాం?"

పక్కనున్న అసిస్టెంట్లు విన్నారు. బెంచీ మీది కుర్రాళ్ళు విన్నారు. మంచినీళ్ళ సీసాలు మోసేవాళ్ళు కూడా విన్నారు. ఎమెట్ కోరుకున్నది అక్షరాలా అదే.

"తగ్గండి, కుడి..." అని అతను అంటూండగానే అవతల బంతి కదిలింది. మాబ్రీ ఇంకా ఇటే చూస్తున్నాడు. అతను తల తిప్పేలోపల బంతి కుడి మూలకి గాల్లో వెళ్ళింది. అక్కడ మనవాళ్ళు ఎవరూ లేరు. పట్టుకున్నవాడు పరిగెత్తాల్సిన పని కూడా లేకుండా అక్కడే నిలబడి ఎగిరి గంతేశాడు.

స్టేడియం చప్పబడిపోయింది. ఒక్క మూల నుంచే అరుపులు, మార్లో వాళ్ళవి. ఎమెట్ చెయ్యి ఇంకా బెల్టు మీదే ఉంది. టాకెట్ అటువైపు ఉరకలేదు, రెఫరీని తిట్టలేదు. ఆయన మెల్లిగా చెయ్యి వెనక్కి పెట్టి ఎమెట్ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాడు.

లాకర్ గదిలో సగం మంది కుర్రాళ్ళు ఏడుస్తున్నారు. టాకెట్ స్టూలెక్కలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "కాల్ ఆలస్యమైంది. ఆలస్యం నాది. మీరు ఎవరూ ఏమీ తప్పు చెయ్యలేదు" అని చెప్పి, ఆఖరి ఆట ఆడిన వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్కరినీ కావలించుకుని వెళ్ళిపోయాడు.

టెరెల్ మాబ్రీ ఎమెట్ దగ్గరికొచ్చాడు. ఎండ కొట్టకుండా కళ్ళ కింద పూసుకున్న నల్ల రంగు కన్నీళ్ళకి చారలు కట్టింది.

"కోచ్, సైగ ఇచ్చారా? నేను చూసుకోలేదా?"

"లేదు టెరెల్. ఇవ్వలేదు. నీ తప్పు కాదు."

కుర్రాడు తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. ఇంకా ఏదో చెబుతారని కాసేపు నిలబడ్డాడు. ఎమెట్ చెప్పలేదు. ఆ క్షణంలో తన మీద తనకి కలిగినంత రోత జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

టాకెట్ గదిలో దీపం వేసి లేదు. కిటికీలోంచి సాయంత్రం వెలుగు పడుతోంది. ఆయన బూట్లు విప్పేసి కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకున్నాడు.

"తలుపు వెయ్యి" అన్నాడు. ఎమెట్ వేశాడు. "నీకు కనబడలేదా, కనబడీ ఊరుకున్నావా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. కనబడలేదు కోచ్, నాకూ వయసొస్తోంది అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు కూడా.

"కనబడింది."

టాకెట్ కళ్ళు మూసుకున్నాడు.

"వార్నాక్ నీకు చేశాడన్నమాట."

"చేశాడు. మీరు జనెల్ పేరెందుకు చెప్పారు కోచ్? నేనే రానన్నానని చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు."

"నీ పేరు చెబితే వాడు నీకు ఫోన్ చేస్తాడు. ఆడవాళ్ళ పేరు చెబితే మర్యాదకి ఊరుకుంటాడు." టాకెట్ మొహం తుడుచుకున్నాడు. "సిగ్గుమాలిన పని. ఒప్పుకుంటున్నా. నువ్వు పోతే నేను గుడ్డివాడినని లోకానికి తెలిసిపోతుంది. భయమేసింది రా అబ్బాయ్. ఇరవై ఐదేళ్ళు కాల్ ఇచ్చి బతికినవాడిని, ఇంకేం చెయ్యను?"

ఎమెట్‌కి ఇన్నాళ్ళూ వినాలనున్న మాట అది. విన్నాక సంతోషం కలుగుతుందనుకున్నాడు. కలగలేదు.

"గెలిచినప్పుడల్లా మిమ్మల్నే పొగిడారు. నేను మంచి కాల్ కోచ్ అంటూ కూర్చున్నా" అన్నాడు, మెల్లిగానే.

"అవును. తీసుకున్నా ఆ పొగడ్త. తియ్యగానే ఉంది." టాకెట్ కాళ్ళు దింపి ముందుకి వంగాడు. "కిందటేడు పూర్వ విద్యార్థుల పండగ ఆట గుర్తుందా? నువ్వు ఒకసారి గుంజావు. ఎగబడ్డాం. బంతి మన నెత్తుల మీంచి పోయింది. ఓడిపోయాం. మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు ఏముంది?"

ఎమెట్‌కి గుర్తుంది. టాకెట్ ఇంటి ముందు గడ్డిలో, ఎవరెవరో వచ్చి, 'ఈ ఇల్లు అమ్మబడును' అన్న బోర్డులు వరసగా పాతిపోయారు. ఊరు కోచ్‌ని పొమ్మని చెప్పే పద్ధతి అది. తనే వెళ్ళి వాటిని పీకి ట్రక్కులో పడేశాడు. పీకుతున్నంతసేపూ ముసలాయన మీద జాలిపడ్డాడు.

"నీ ఇంటి ముందు ఒక్కటైనా పాతారా?"

పీకుతున్నప్పుడు, ఆ కాల్ తనదేనని ఒక్క క్షణం కూడా అనుకోలేదన్న సంగతి ఎమెట్‌కి ఇప్పుడు తట్టింది. గెలిచిన కాల్స్ అన్నీ తనవని లెక్కేసుకున్నాడు. ఓడిన కాల్స్ ఆయనకి వదిలేసి హాయిగా నిద్రపోయాడు.

"ఎవడో రేడియోలో నా భార్యని కూడా తిట్టాడు. నీ పేరు బయటపెడితే నాకు కాస్త తగ్గేది. పెట్టలేదు. మంచితనమని అనుకోకు, నీ పేరు చెబితే నా కళ్ళ సంగతీ చెప్పాలి. కారణం ఏదైతేనేం, నీకు దెబ్బ తగల్లేదు. కాల్ ఇవ్వడమంటే చూడగలగడం ఒక్కటే అనుకున్నావు నువ్వు. చూడ్డం నీకు ఎప్పుడో వచ్చేసింది. ఓడినప్పుడు నాది అనడం ఇంకా రాలేదు."

"ఇవాళ్టిది నాదే కోచ్."

"నాతో అంటే ఏం లాభం? నాకు తెలుసు." టాకెట్ బల్ల మీద తడుముకుని ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "వార్నాక్‌కి నేను ఇప్పుడే చేస్తాను. మూడేళ్ళ నుంచీ నా డిఫెన్స్‌కి కాల్ ఇచ్చింది నువ్వేనని చెబుతా. నా కళ్ళ గురించీ చెబుతా. ఇవాళ నువ్వు చేసిన పనీ చెబుతా. అన్నీ విన్నాక వాడు రమ్మంటే పో. రమ్మంటాడు, వాడికి బుద్ధి ఉంది. నా సంగతి నేను సోమవారం కాలేజీ వాళ్ళకి చెప్పుకుంటా. ఆ కుర్రాడితో మాత్రం నేను చెప్పను. అది నీ పని."

ఏ కుర్రాడో అడగాల్సిన అవసరం లేకపోయింది.

బయట కార్ల మైదానంలో జనం పల్చబడ్డారు. టెరెల్ మాబ్రీ తల్లి మడత బల్లలు ట్రక్కులో సర్దుతోంది. గెలుస్తారని తెచ్చిన వేయించిన కోడి డబ్బాలు మూతలు తియ్యకుండానే ఉన్నాయి. టెరెల్ స్నానం చేసి తడి తలతో ట్రక్కు వెనకాల కూర్చున్నాడు. ఎమెట్‌ని చూసి ఆవిడ "రండి కోచ్, తిందురుగాని" అంది. కొడుకు మొహం చూసి, ఇంకేం అనకుండా బల్లలు పట్టుకుని అవతలివైపు వెళ్ళింది.

"టెరెల్, నీకు సగమే చెప్పాను ఇందాక. కాల్ ఆలస్యం టాకెట్ గారి వల్ల కాదు. కోచ్ కాల్ ఇచ్చేది..." ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఎమెట్ ఆగాడు. "ఆయన చేత్తో సైగ చేసేవారు గానీ, ఆయనకి చెప్పేది..."

"మీరు" అన్నాడు టెరెల్.

ఎమెట్ అతనికేసి చూశాడు.

"మాకు తెలీదనుకున్నారా కోచ్? రెండేళ్ళ నుంచీ తెలుసు. మీరు గుంజితే మీ మోచెయ్యి ఆయన పక్కనుంచి బయటికి కనబడుతుంది. ఒకసారా రెండుసార్లా అని అక్కడే చూసేవాణ్ణి. ఆయన చెయ్యి లేచేలోపలే మావాళ్ళకి సగం సర్దేసేవాణ్ణి. కొత్తగా వచ్చిన వాళ్ళకి ముందు అదే నేర్పేవాళ్ళం, పెద్దాయన చేతికేసి కాదు, కోల్వెల్ గారి మోచేతికేసి చూడండి అని." టెరెల్ ముక్కు తుడుచుకున్నాడు. "ఆయన మనసు నొచ్చుకుంటుందని బయట ఎవరితోనూ అనలేదు."

ఇరవై ఏళ్ళుగా ఒక్కరైనా తనవంక చూడాలని ఎమెట్ తపించాడు. పదకొండు మంది ప్రతి ఆటలోనూ తనవంకే చూస్తున్నారు.

"ఇవాళ కూడా అక్కడే చూశాను కోచ్" అన్నాడు టెరెల్. "మోచెయ్యి కదల్లేదు. మీకే కనబడలేదంటే ఇంకెవరికీ కనబడదులే, నేనే ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నా. ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోయా. అదే కుమిలిపోతున్నా ఇందాకట్నించీ. మీకు కనబడకపోతే నేను చూసుకోవద్దా?"

అవతల బల్ల మడిచిన చప్పుడైంది. ఎమెట్ ట్రక్కు అంచున అతని పక్కన కూర్చున్నాడు.

"నాకు కనబడింది, టెరెల్" అన్నాడు.